ఎవరికి వ్యర్థము?

వ్యర్థమను మాట మన వాడుకలో నానాటికి పెరుగుచున్నది. పట్టణపు వ్యర్థములు, యంత్రశాలల వ్యర్థములు, వ్యవసాయపు వ్యర్థములు అని పత్రికలు ప్రతిదినమును వ్రాయుచున్నవి. అర్థము లేనిది వ్యర్థము. అర్థమనగా ప్రయోజనము, అర్థమనగా ధనమును. ఒక వస్తువు ఎవరికిని ప్రయోజనపడదనుట యొక సంగతి. దానికి అంగడిలో ధర పలుకదనుట వేఱొక సంగతి. రెండును ఒక్క మాటలో నిమిడియుండుటచేత, ధర లేనిదానిని చూచి ప్రయోజనము లేనిదని తీర్పు చెప్పుట మనకు అలవాటైనది. ఈ అలవాటు మాటలయందే నిలిచియుండిన దానిని గూర్చి వ్రాయనక్కఱ లేకపోవును. ఇప్పుడది ఇండ్ల గోడలలోనికి వచ్చుచున్నది.

పైరు కోసిన పిమ్మట మిగిలెడి గడ్డి, చొప్ప, ఊక, చెఱకుపిప్పి, పత్తికట్టె మొదలగువానితో ఇటుకలు చేసి బీదలకు చౌకగా ఇండ్లు కట్టవచ్చునను ఆలోచన కొంతకాలముగా దేశమున వినవచ్చుచున్నది. 2021వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణమునందు ఇట్టి ఇటుకలతో నొక చిన్న కట్టడమును ప్రారంభించిరి. ఆ విద్యాలయపు పరిశోధకుడు ప్రియబ్రత రౌత్రాయ్, భువనేశ్వరములోని కె.ఐ.ఐ.టి. వాస్తువిద్యాశాలకు చెందిన అవీక్ రాయ్ ఈ ఇటుకను రూపొందించిరి. పద్ధతి సులభమైనదే. గడ్డిని గాని పిప్పిని గాని సన్నగా తఱిగి, సున్నము ముఖ్యముగా గల ముద్దలో కలిపి, అచ్చులలో పోసి, కొయ్యదిమ్మెతో గట్టిగా కూరుదురు. ఒకటి రెండు దినములైన పిదప అచ్చు ప్రక్కలు విప్పి, రెండు మూడు వారములు గాలికి ఆరనిత్తురు. తగిన బలము వచ్చుటకు సుమారొక నెల పట్టును. ఆవము లేదు, కట్టెలు లేవు, పొగ లేదు. కాల్చిన మట్టి ఇటుక బరువులో ఇది యెనిమిదవ వంతు మాత్రమే. వేడిమిని, చప్పుడును కొంతవఱకు ఆపును. ఐతే మట్టి ఇటుకకు గల బలము దీనికి లేదని తయారుచేసినవారే దాపఱికము లేక చెప్పినారు. కట్టడపు బరువును మోయుటకు ఇనుప చట్రమో కొయ్య చట్రమో వేఱుగా నుండవలెను. ఈ ఇటుక ఆ చట్రపు నడిమి ఖాళీని పూడ్చును. కందిలోని కట్టడమునకు ఇనుప చట్రమే ఆధారము. గోడలు వానకు చెడకుండ సిమెంటు పూసిరి. పైన ప్లాస్టిక్ రేకులమీద ఇవే ఇటుకలు పఱచిరి. ఆ కట్టడము ఎవరికొఱకన, కావలివాని కొఱకు. ఈ చిన్న మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఈ ప్రయత్నమును మేము తేలికగా చూచువారము కాము. కాల్చిన ఇటుక ఎంత ఖరీదైనదో దాని వెలనుబట్టి తెలియదు. వేయి ఇటుకలకు ఇంత యని మనమిచ్చు సొమ్ములో చేరని వెల మఱియొకటి కలదు. రాయలసీమలో మంచి మన్ను సులభముగా దొరకునది కాదు. ఎఱ్ఱనేలలలో మూరెడు లోతు త్రవ్వునప్పటికే తఱచుగా రాయి తగులును. ధర్మవరము చెఱువు, బుక్కపట్నము చెఱువు వంటి పెద్ద చెఱువులలో నీటితోపాటు కొట్టుకొనివచ్చి చేరిన ఒండ్రును, ఎండకాలమున బండ్లతో తోలుకొనిపోయి పొలములలో చల్లుకొనుట మన రైతుల పూర్వాచారము. అదే ఒండ్రు ఇటుకల అచ్చులలోనికి పోయి ఒకసారి నిప్పులో కాలినచో మఱల పైరు పండించు నేలగా మారదు. ఒక తరమువారి మేడ రాబోవు తరములవారి చేనునుండి త్రవ్వి తెచ్చినదన్నమాట.

మన్నుకంటె మనుష్యుల సంగతి బరువైనది. ఆంధ్ర తెలంగాణ దేశములలోని ఇటుక ఆవములకు ఒడిస్సా రాష్ట్రపు బలాంగీరు, నువాపడ ప్రాంతముల బీదలు ఏటేట కుటుంబములతో వలసవచ్చుచున్నారు. ముందుగా బయానా పుచ్చుకొని, అది తీఱువఱకు పిల్లలతోకూడ మట్టి పిసుకుట వారి బ్రదుకు. వెట్టిచాకిరిని 1976వ సంవత్సరపు చట్టము నిషేధించినది. నిషేధించిన పిమ్మటను ఆవములనుండి వెట్టివారిని విడిపించిన వార్తలు మనము పలుమాఱులు చదివితిమి. ఎఱ్ఱగా కాలిన ఇటుకను చేతబట్టి వాయించి, గణగణమన్నదని సంతోషించు గృహయజమానునికి ఈ సంగతి వినబడదు. కావున ఆవము లేని ఇటుక యొకటి పుట్టినదన్నచో దానికి నమస్కరింపవలసినదే.

ఇంతవఱకు ఇంజనీరుల పక్షము. ఇక నడుగవలసిన ప్రశ్నము వేఱు. ఆ గడ్డి, ఆ పొట్టు ఎవరివి?

పంజాబు, హర్యానాలలో ఈ ప్రశ్నమునకు సమాధానము సులభము. అక్కడ యంత్రములతో వరి కోసిన పిదప కొయ్యకాలు చేనిలోనే నిలిచిపోవును. భూగర్భజలమును కాపాడుటకై పంజాబులో 2009వ సంవత్సరమున చేసిన చట్టముచే నాట్లు ఆలస్యమైనవి, కోతకును గోధుమ విత్తుటకును నడుమ దినములు తగ్గినవి, రైతు నిప్పుపెట్టుచున్నాడు. ఆ పొగ ఢిల్లీ నగరము వఱకు వ్యాపించుచున్నది. దేశమంతటను ఏటేట సుమారు 50 కోట్ల టన్నుల పంటశేషములు మిగులునని గవర్నమెంటువారి అంచనా. అందులో నిట్లు కాలిపోవునది ఇటుక ఐనచో అందఱికిని లాభమే, నష్టపడువాడు కనబడడు. ఈ లెక్కను ఉత్తరదేశమున వేసి, దానినే తెచ్చి హిందూపురమున, పెనుకొండలో, ధర్మవరమున అంటగట్టినప్పుడు తంటా వచ్చుచున్నది.

ఈ మూడూళ్లును 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అంతకుముందు అనంతపురము జిల్లావి. దేశములో వానలు మిక్కిలి తక్కువగా గల సీమలలో నిది యొకటి. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము కురియును, కురియని యేడులును పెక్కు గలవు. ఇక్కడి ముఖ్యమైన పంట వేరుసెనగ. ఆ మొక్కలో ఏది వ్యర్థమో చూతము. గింజ నూనెకు పోవును. నూనె తీసిన తెలగపిండి పాడిపశువులకు పోవును. కాయలు దూసికొన్న పిమ్మట మిగిలెడి కట్టెను వామి వేసి దాచుదురు; వానలు లేని యేట ఎద్దు బ్రదికినదన్నచో ఆ వామి చలువయే. పంట పోయి కట్టె మాత్రము మిగిలిన సంవత్సరములలో రైతుకు చేతికి వచ్చినది ఆ కట్టె యొక్కటియే. కాయబరువులో సుమారు నాలుగవ వంతు పైపొట్టు. ఇదియే ఇటుకలకు తగినదని చూపింపబడు వ్యర్థము. ఈ పొట్టు మిల్లులో గుట్టపడి, అక్కడనుండి బాయిలరుకు, కోళ్లఫారమునకు, ఇటుక ఆవమునకే, పేదయిండ్ల పొట్టుపొయ్యికి చేరును. మన చదువరులలో పెద్దవారు పొట్టుపొయ్యిని మఱచియుండరు. నడుమ రోకలి నిలిపి చుట్టును పొట్టు కూరి, రోకలి మెల్లగా తీసి, క్రింద నిప్పంటించిన నొక పూట వంట నడచును. అది చేయు స్త్రీని అడిగిన, పొట్టు వ్యర్థమని చెప్పదు.

హిందూపురపు సంగతి చూడుడు. అక్కడ బెల్లపు మండీ, చింతపండు మండీ పేరుగలవి. పట్టుగూళ్ల అంగడియు గలదు. బెల్లము వండువారు చెఱకుపిప్పిని ఎండబెట్టి ఆ పొయ్యిక్రిందనే కాల్తురు; పిప్పి లేనిచో బెల్లము లేదు. గూళ్లనుండి దారము తీయు రీలర్లకు పగలంతయు నీరు కాగుచుండవలెను. చిన్న బట్టీలలో ఆ నీటిక్రింద మండునది చౌకగా దొరకిన కట్టె, కంప, పొట్టు. అచ్చట వేడినీటిలో చేతులు పెట్టి పనిచేయువారిలో స్త్రీలే యెక్కువ. ఆ దారము కొంత ధర్మవరపు మగ్గములకు చేరి చీర యగును. పొట్టు ఇటుకలకు పోయి దాని వెల పెరిగినచో, ఆ పెరుగుట పట్టుచీర కొనువారివఱకు పోకమునుపే రీలరు ఇంటిలోను కూలిదాని కూలిలోను తగులును. చీర కట్టుకొను మన ఇండ్లలో దాని వేడి తెలియను కూడ తెలియదు.

కందికంప సంగతియు నిట్టిదే. కోతకు పోయిన కూలిస్త్రీ సాయంకాలము కూలితోపాటు నెత్తిన మోపెడు కంప తెచ్చుకొనుట పల్లెలలో చూడనివారు లేరు. కొన్ని చేలలో నది అడిగి తెచ్చుకొనునది, కొన్ని చేలలో అడుగకయే తెచ్చుకొనునది. వ్రాతమూలకమైన హక్కు లేదు. ఐనను అది హక్కే. మన భాషలో పరిగె యను చక్కని మాట కలదు. కోతయైన చేనిలో రాలిన వెన్నులను బీదలు ఏరుకొనుట పరిగె యేరుట. వేరుసెనగ చేలలో భూమిలో నిలిచిపోయిన కాయలను పిల్లలు త్రవ్వి తీసికొనుటయు పరిగెయే. ఆసామి చూచియు చూడనట్లుండును. ఆ చూడకపోవుటలో నెంతో ధర్మము కలదు. ఇంగ్లండులో 1788వ సంవత్సరమున న్యాయస్థానము పరిగె యేరుకొనుటకు చట్టరీత్యా హక్కు లేదని తీర్పు చెప్పినది. 1841లో జర్మనీలోని రైనుసీమ శాసనసభలో అడవిలో రాలిన పుల్లల నేరుటను దొంగతనముగా నెంచు చట్టమును చర్చించిరి. అప్పటికి యువకుడుగానున్న కార్లు మార్క్సు దానిని ఖండించుచు పత్రికలో వ్రాసెను. ఆ రెండుచోట్లను అంతవఱకు ఎవరును లెక్కవ్రాయని వస్తువు లెక్కలోనికి వచ్చినది. లెక్కలోనికి రాగానే బీదవాని చేయి దానిమీదనుండి తొలగవలసివచ్చినది.

ఇది దూరదేశపు పూర్వకథ యనువారికి దగ్గఱి నేటికథ చెప్పుదుము. కడపజిల్లాలోని రాయలసీమ తాపవిద్యుత్కేంద్రమున బొగ్గు కాల్చగా బూడిద మిగులును. ఒకప్పుడు దానిని ఎక్కడ పోయవలెనో తెలియక తిప్పలుపడిరి. 1999వ సంవత్సరమున కేంద్ర గవర్నమెంటువారు తాపవిద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్లలోపలి ఇటుక ఆవములవారు మట్టిలో బూడిద కలుపవలెనని శాసించిరి. ఆ దూరము తరువాత పెరిగినది. బూడిదయిటుకలు వచ్చినవి, సిమెంటు పరిశ్రమలు బూడిదను కోరినవి. 2024 నవంబరులో ఆ కేంద్రపు బూడిదను తోలుకొనిపోవు విషయమున జమ్మలమడుగు, తాడిపత్రి సీమల నాయకులకు నడుమ తగవు వచ్చి, లారీలు నిలిచి, ముఖ్యమంత్రి వఱకు పోయినది. ఎవరికిని వలదన్న బూడిదకై ఈ పోరు! బూడిద పొయ్యిలో పెట్టుకొనునది కాదు గనుక బీదల ఇంటికి దానివలన లోటు రాలేదు. పొట్టు అట్టిది కాదు.

ఇటుకకును గడ్డికిని గల సంబంధము మనుష్యజాతి యంత పాతది. మన పల్లెలలో గోడమట్టిలో గడ్డి చల్లి కాళ్లతో త్రొక్కి కలిపిన పచ్చి ఇటుకలే ఇందుకు సాక్ష్యము. పెనుకొండ కోటలోని గగనమహలు వంటి విజయనగరకాలపు కట్టడములలో సున్నముతో చేసిన పని మనము చూచుచునే యున్నాము. దక్షిణదేశపు పూర్వపు పనివారు సున్నములో బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపుట ప్రసిద్ధమే. పొలము గోడలోనికి పోవుట క్రొత్త కాదు. అయితే బైబిలు నిర్గమకాండపు అయిదవ అధ్యాయములో నొక కథ కలదు. ఐగుప్తు రాజు తన క్రింద వెట్టిచేయు ఇశ్రాయేలీయులకు అంతవఱకిచ్చుచుండిన గడ్డిని ఆపివేసి, గడ్డి మీరే వెదకి తెచ్చుకొనుడు, ఇటుకల లెక్క మాత్రము ఒక్కటియైనను తగ్గరాదని ఆజ్ఞాపించెను. వారు దేశమంతట చెదరి కొయ్యకాలు ఏరుకొనిరి. ఇటుక ఎంత గట్టిదనునది ఆ కథలో లేదు. గడ్డి తెచ్చు శ్రమ ఎవరి నెత్తిన పడినదనునదే కథ. నేటి మన లెక్కలలో నిది మరుగుపడుచున్నది. ముడిసరుకు ఉచితము అని వ్రాసికొన్న చోటనెల్ల, దానిని ఏరి, మోసి, ఆరబెట్టి తెచ్చినవారి కూలియో, అంతకుముందు దానిని వాడుకొనుచుండినవారి పొయ్యియో ఆ ఉచితములో దాగియున్నది.

ఇక నింటి సంగతి. ఈ ఇటుక ఎవరి ఇంటికని అడిగిన ఎల్లవారును ఒక్క గొంతుతో బీదల ఇంటికని చెప్పుచున్నారు. ఇక్కడ మా మనస్సు కొంచెము వెనుదీయుచున్నది. కఠోపనిషత్తులోని నచికేతుని కథ మన ఇండ్లలో పిల్లలకు తెలిసినదే. తండ్రి యజ్ఞముచేసి సర్వస్వమును దానము చేయుచున్నాడు. చేయునవి పాలు పిదికి అయిపోయిన, మేత మేయుటకైన ఓపిక లేని ఆవులు. పిల్లవాడు చూడలేక, నన్నెవరికిచ్చెదవని తండ్రిని అడిగెను. మనకు పనికిరానిదానిని ఇచ్చి పుణ్యమని పేరు పెట్టుకొను దుర్గుణము ఆనాటినుండి మనలో నున్నది. మిగిలిన అన్నము పనిమనిషికి, చిరిగిన చీర చాకలికి, చివరకు చేనిలో మిగిలిన పొట్టు బీదవాని గోడకు. ఇచ్చువాని మనస్సులో వస్తువుకును పుచ్చుకొనువానికిని ఒకే తరగతి యేర్పడుచున్నది.

అట్లని పొట్టుతో చేసినదెల్ల అవమానకరమని మేమనము. నచికేతుని తండ్రి ఇచ్చిన ఆవులలో దోషము వాని పుట్టుకలో లేదు, అవి పాలీయకపోవుటలో నున్నది. పాలిచ్చు ఆవు ఎక్కడ పుట్టిన నేమి? ఇటుక మంచిదైనచో అది పొట్టుదా మట్టిదా యని అడుగువాడు మూఢుడు. అది మంచిదని ఎవరు తేల్చవలెననునదే చిక్కు. మంచిదని చెప్పువాడు ఒకచోట, అందులో కాపురముండువాడు వేఱొకచోట నున్నంతకాలము ఆ మాటకు పూచీ లేదు. కందిలో మొదటి కట్టడము కావలివాని గది యగుట చిన్న ప్రయోగమునకు చిన్న గది తగుననియే కావచ్చును. దానిలో దోషమెంచుట మా ఉద్దేశము కాదు. కాని పదిచోట్ల పది ప్రయోగములు జరిగి, పదియు కావలివాండ్ర గదులును కూలివాండ్ర గుడిసెలును ఐనచో, అది యాదృచ్ఛికమని ఎవరు నమ్ముదురు?

బీదవాడు వెఱ్ఱివాడు కాడు. ఈజిప్టులో హసన్ ఫతీ అను గొప్ప వాస్తుశిల్పి 1940ల దశకమున లక్సరు సమీపమున గుర్నా యను గ్రామమును మట్టి ఇటుకలతో, చల్లని కమానులతో ముచ్చటగా కట్టించెను. ఎవరికొఱకు కట్టించెనో వారిలో పెక్కుమంది అందులోనికి పోలేదు. పాతయూరు విడిచిన జీవనోపాధి పోవునను భయము దానికొక ముఖ్యకారణము. ఫతీ వ్రాసికొన్న గ్రంథము లోకమంతటను చదువబడినది; ఊరు మాత్రము నిండలేదు. మన సీమలోను పాత మట్టిమిద్దెలు ఎండకు చల్లగా నుండెడివి. చవుడు పోసిన ఆ మిద్దెలను విడిచి, కలిగినవారు మొదట సిమెంటు కప్పులకు పోయిరి. వారిని చూచి లేనివారును పోగోరుచున్నారు. చల్లదనము మంచిదేయని వారికి తెలియును. కాని పక్కాయిల్లు అనిపించుకొననిచో పిల్లకు సంబంధము కుదుటలోను, బ్యాంకువారు అప్పిచ్చుటలోను తేడా వచ్చునని అంతకంటె బాగుగా తెలియును. జనాభా లెక్కలలో కాల్చిన ఇటుక, రాయి, కాంక్రీటు గోడలు స్థిరమైనవి. మట్టియు పచ్చి ఇటుకయు తాత్కాలికమైనవి. పొట్టు ఇటుక కాల్చనిది. దాని గోడను లెక్కవ్రాయువాడు ఏ గడిలో వ్రాయునో తేలకుండ బీదవానిని అందులో ఉండుమనుట, వాని సొమ్ముతో వాని మర్యాదను తగ్గించుట యగును.

చౌక అను మాటను గూర్చియు నొకటి చెప్పవలెను. గోడ ఇల్లు కాదు. పునాది, కప్పు, తలుపులు, కిటికీలు, నీరు, మరుగుదొడ్డి ఇవన్నియు పొట్టుతో కావు. బరువు మోయలేని ఇటుకకు ఇనుప చట్రము వేఱుగా కొనవలెను. కాల్చిన ఇటుకలలో కడపటి తరగతిదియు చదరపు సెంటీమీటరునకు 35 కిలోల బరువు నోర్వవలెనని భారత ప్రమాణము. గడ్డి ఇటుక ఆ పందెమునకే రాదు. ఇటుకమీద మిగిలిన సొమ్ము ఇనుముమీద పోయిన, చౌక యెక్కడిది? మఱియు ఈ సీమలో చెదలు ప్రబలము. ఏడాదిలో కురియు కొలదివాన కొన్ని దినములలో కుండపోతగా కురియును. ధర్మవరపు నేతవాని మగ్గము గుంటలో నుండును. గోడ తేమ పీల్చినచో వాని పడుగు చెడును. వానికి ఇల్లును కార్ఖానాయు ఒక్కటియే. పిప్పిలో మిగిలిన చక్కెర సిమెంటును గట్టిపడనీయదనుట పనివారందఱెఱిగిన సంగతి. కావున ఒక యూరిలో కుదిరిన పాలు మఱియొక యూరి వస్తువునకు కుదురునని తలపరాదు. వేరుసెనగ పొట్టుతో చేసిన ఇటుకను ఈ నేలమీద, ఈ ఎండలో, ఈ చెదల నడుమ నాలుగైదు వానకాలములు నిలిపి చూడవలెను.

అది ఎక్కడ నిలుపవలెను? ఇందుకు మా సమాధానము సూటియైనది. మొదట కలిగినవారి యిండ్లలో. మన చదువరులలో మిద్దెపై నొక గది వేసికొనదలచినవారు ఏటేట కొందఱుందురు. పాతగోడలమీద క్రొత్త బరువు పెట్టుటకు ఇంజనీరు సందేహించును. బరువు తక్కువయగుట ఈ ఇటుక ముఖ్యగుణము గదా. పైగదికి ఇంతకంటె తగినది లేదు. ఇనుప చట్రమునకు సొమ్ము మీయొద్ద గలదు. గోడ చెడిన మఱల కట్టుకొనగలరు. చెడలేదన్న మీ మాటను ఊరివారు నమ్ముదురు. మిల్లుయజమాని తన గుమాస్తాల గదికి, కాలేజీవారు తమ గ్రంథాలయపు నడిమిగోడలకు, అధికారులు తమ కచేరీలకు దీనిని వాడవచ్చును. పెనుకొండయొద్ద ఎఱ్ఱమంచిలో 2019వ సంవత్సరమునుండి మోటారుకార్ల కర్మాగారము నడచుచున్నది. అట్టి పెద్ద సంస్థల వసతిగృహములలో నొకటి దీనితో కట్టిన వేయి ఉపన్యాసములకంటె మేలు. కలెక్టరు బంగళాలో నొక గోడ పొట్టుదైన మఱునాడు జనాభా లెక్కల గడి దానంతటదే మారును.

పొట్టు విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. ఇటుకలవాడు ఊరిలోనికి వచ్చినప్పుడు మొదట మిల్లువానితో కాక పొట్టుపొయ్యిగల ఇండ్లవారితోను రీలర్లతోను మాటాడవలెను. వారి యేడాది అవసరము విడిచి మిగిలినదే ఇటుకలకు పోవలెను. వేరుసెనగ కట్టెను, చొప్పను, అనగా పశువు తినునది దేనినైనను, కఱవుసీమలో గోడలో పెట్టరాదు. పశువు ముట్టనిది, పొయ్యికి వలసిన దానికి మించినది మిగిలినంతవఱకే ఇటుక. అట్టిది లేని యూరిలో ఇటుకయు లేకుండుట మంచిదే. ఉత్తరదేశపు కొయ్యకాలు తెచ్చి ఇక్కడ ఇటుకలు చేయుదమనువారు రైలుకూలి లెక్కవేసికొనిన చాలును.

దీనికి నొక గట్టి ఆక్షేపము గలదు. కలిగినవారు గదులు కట్టుకొని, నాలుగైదు వానకాలములు వేచి, బాగున్నదని చెప్పువఱకు బీదవాడు ఎక్కడ నుండవలెను? వాడిప్పుడున్నది రేకులక్రింద. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటును. మధ్యాహ్నము ఆ రేకులక్రింద పసిపిల్లను ఉయ్యాలలో వేసి పనికి పోయెడి తల్లికి మీ ధర్మసూక్ష్మములతో నేమి పని? ఈ ఆక్షేపము మాకును తగిలినది. కందివారి పైకప్పు సంగతి ఇక్కడ పనికివచ్చును. రేకులమీద ఈ ఇటుకలు పఱచుటవలన లోపలి వేడిమి కొంత తగ్గుననుట తయారుచేసినవారు చెప్పినదే. రేకుపై పఱచిన ఇటుక ఎవరి బరువును మోయనక్కఱలేదు. తనను రేకు మోసిన చాలును, రేకు క్రింది దూలములు గట్టివో కావో ముందు చూచుకొనవలెను. అది వానకు పాడైనను ఇల్లు కూలదు, పాడైన ఇటుకను తీసి పెంటకుప్పలో వేసిన ఎరువగును. రేకులయింటి యజమాని కొత్తగా నేమియు పణముగా పెట్టనక్కఱలేదు. గోడల పరీక్ష మన ఇండ్లలో జరుగుచుండగా కప్పుల పని వారి ఇండ్లలో జరుగవచ్చును. పురపాలక సంఘములవారు ఒక్కొక్క పేటలో కోరినవారి కప్పులకు ముందు తమ ఖర్చుతో పఱపించి చూడవచ్చును. కోరినవారికే యని మఱల చెప్పుచున్నాము. ఆ పని శివరాత్రిలోపల మొదలు కావలెను. ఆ పిమ్మట ఈ సీమలో ఎండలు ఎవరికొఱకును ఆగవు.